స్విఫ్ట్ వెనక యాక్సిల్ బుష్‌లు ఇంట్లోనే మార్చుకోవడం ఎలా

స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ వెనక సీటు కింద నుంచి టక్ మని మొద్దు శబ్దం వస్తోందా? గుంతల రోడ్డు మీద బండి వెనక భాగం పక్కకి జరిగినట్టు అనిపిస్తోందా? రివర్స్‌లో వచ్చి బ్రేక్ నొక్కగానే ఒక దెబ్బ వినిపిస్తోందా? అయితే ముందు అనుమానించాల్సిన వాటిలో వెనక యాక్సిల్ బుష్‌లు ఒకటి. 2011లో వచ్చిన రెండో తరం స్విఫ్ట్‌ను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను గానీ డిజైర్, ఐ20, పోలో, బాలెనో లాంటి వాటిలో కూడా వెనక అమరిక దాదాపు ఇదే. రెండు పక్కలా బాడీ నుంచి వెనక చక్రం దాకా వెళ్లే రెండు ఇనుప చేతులు, వాటిని కలుపుతూ మధ్యలో మెలి తిరగగల ఒక బీమ్, ఒక్కో చేతి ముందు కొనలో ఒక పెద్ద రబ్బరు బుష్, ఆ బుష్ మధ్యలోంచి బాడీకి ఒక పొడవాటి బోల్టు. పాత ఆల్టో, పాత వ్యాగనార్ ఉన్నవాళ్లకు అమరిక వేరు, అక్కడ లింకులకూ, యాక్సిల్ పక్కకి జరగకుండా పట్టే లాటరల్ రాడ్‌కూ చిన్న చిన్న బుష్‌లు ఉంటాయి. పని కాస్త తేలిక, కానీ చివరి బిగింపు గురించి కింద చెప్పేది వాటికీ వర్తిస్తుంది.

ఆ చివరి బిగింపు గురించే ముందు చెప్పేస్తాను, ఎందుకంటే ఇంట్లో చేసేవాళ్లే కాదు, షెడ్లలో చేసేవాళ్లు కూడా చాలామంది కొత్త బుష్ చక్కగా ఎక్కించి, బండి ఇంకా గాల్లో ఉండగానే బోల్టు పూర్తిగా బిగించేస్తారు. కొత్త బుష్ తొందరగా చిరిగిపోవడానికి ఇదొక పెద్ద కారణం. ఈ బుష్‌లో బయట ఒక ఇనుప గొట్టం, లోపల ఇంకో చిన్న గొట్టం, రెంటికీ అతికిన రబ్బరు మధ్యలో. బయటి గొట్టం యాక్సిల్ చేతిలో బిగుసుకుని ఉంటుంది, లోపలి గొట్టాన్ని బోల్టు బాడీ బ్రాకెట్‌కి నొక్కి పట్టేస్తుంది. అంటే ఏదీ జారదు, ఏదీ తిరగదు, చక్రం పైకీ కిందకీ కదిలినప్పుడల్లా మధ్యలో రబ్బరే మెలి తిరుగుతుంది. చక్రాలు కిందకి వేలాడుతుండగా బోల్టు బిగిస్తే రబ్బరుకి ఆ వేలాడే స్థితే మామూలు స్థితి అవుతుంది, బండి కిందకి దించగానే తడిగుడ్డ పిండినట్టు మెలితిరిగి రాత్రింబవళ్లు అలాగే ఉండిపోతుంది. అందుకే బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. ఈ ఒక్కటీ గుర్తుంటే మిగతాదంతా ఓపిక పని.

ముందు నిజంగా బుష్ పోయిందో లేదో చూసుకోండి

డిక్కీ ఖాళీ చేయండి. స్టెప్నీ, జాకీ, టామీ రాడ్ వదులుగా ఉన్నా సరిగ్గా ఇలాంటి శబ్దమే వస్తుంది. తర్వాత షాక్ అబ్జార్బర్ల పై మౌంటు, కింద బుష్ చూడండి. ఆయిల్ కారుతుంటే, కింద బోల్టు దగ్గర రబ్బరు నలిగిపోయి ఉంటే శబ్దం అక్కడిదే కావచ్చు, అది మార్చడం చాలా చిన్న పని.

యాక్సిల్ బుష్ పరీక్షకి బండి ఎత్తక్కర్లేదు. చదునైన చోట ఆపి హ్యాండ్‌బ్రేక్ గట్టిగా వేసి గేర్ న్యూట్రల్‌లో పెట్టండి. ఇంట్లో ఎవరినైనా బండిని ముందుకీ వెనక్కీ ఊపమనండి. మీరు వెనక చక్రానికి ముందు పక్కన కూర్చుని టార్చ్ వేసి యాక్సిల్ చేయి బ్రాకెట్‌లోకి వెళ్లే చోటు చూడండి, బండి కిందకి మాత్రం దూరొద్దు. రబ్బరు కొంచెం సాగడం సహజం. చేయి ముందుకు వచ్చి టక్ మని ఆగితే, లేదా మధ్య గొట్టం ఒక పక్కకి వాలిపోయి కనిపిస్తే బుష్ అయిపోయినట్టే. పైపైన సన్నటి పగుళ్లు కనిపించినంత మాత్రాన కంగారు పడక్కర్లేదు, పాతబడిన రబ్బరు అలాగే ఉంటుంది. బుష్‌లో కావాలనే వదిలిన ఖాళీలు కూడా ఉంటాయి, వాటిని చూసి చిరిగిందనుకోకండి. చిరుగు అయితే అంచులు గరుగ్గా ఉంటాయి, ఖాళీల అంచులు నున్నగా ఉంటాయి.

ఒక పక్క పోతే రెండు పక్కలా మార్చండి. ఒక పక్క గట్టిది, ఇంకో పక్క మెత్తది ఉంటే బండి నడక సమంగా ఉండదు, పైగా విప్పే శ్రమ ఎలాగూ రెంటికీ ఒకటే.

సామాన్లు

బుష్‌లు కంపెనీవే కొనండి, లేదా పేరున్న విడిభాగాల తయారీదారువి. ఆటోనగర్‌లో సగం ధరకి దొరికేవి చూడ్డానికి ఒకేలా ఉంటాయి గానీ రబ్బరు గట్టిదనం, లోపల అతుకు ఎలా ఉన్నాయో కంటితో తెలియదు. ఇంత శ్రమ పడి మళ్లీ విప్పే పరిస్థితి తెచ్చుకోవద్దు. పాలీయురితేన్ బుష్‌లు వేయమని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఇంటిల్లిపాదీ తిరిగే బండికి నేనైతే వద్దంటాను. ఇలాంటి బీమ్‌కి బుష్ అన్ని దిక్కులా కొంచెం కొంచెం సాగాలి, పాలీ గట్టిగా ఉండి రోడ్డు అదురంతా లోపలికి పంపిస్తుంది. పాత బోల్టు నట్లలో లాకింగ్ నట్లు ఉంటే కొత్తవి తీసుకోండి, బోల్టులు బాగా తుప్పు పట్టి ఉంటే అవి కూడా.

మంచి జాకీ ఒకటి, దాంతో పాటు రెండు స్టాండులు. ఇవి లేకపోతే ఈ పని మొదలుపెట్టనే వద్దు. ఇటుకలు, సిమెంటు దిమ్మలు స్టాండులు కావు, బరువు పడ్డప్పుడు హెచ్చరిక లేకుండా పగిలిపోతాయి. ఇంకా సాకెట్ సెట్, పొడవాటి హ్యాండిల్, రింగ్ పానాలు, టార్క్ రెంచి (ఎంత బలంతో బిగిస్తున్నామో చూపేది), వైర్ బ్రష్, ఎమ్రీ పేపర్, హాక్సా బ్లేడు, ఉలి, సుత్తి, కళ్లద్దాలు, చేతి తొడుగులు. తుప్పు వదిలించే స్ప్రే ముందురోజు సాయంత్రమే బోల్టుల మీద కొట్టి ఉంచండి, రాత్రి పడుకునే ముందు ఇంకోసారి.

అసలు పనిముట్టు పుల్లర్, పాత బుష్‌ని లాగేదీ కొత్తది దింపేదీ ఇదే. కొనొచ్చు, చేయించుకోవచ్చు కూడా. ఒక గట్టి థ్రెడెడ్ రాడ్, రెండు పొడవాటి నట్లు, మందపాటి వాషర్లు, రెండు గొట్టం ముక్కలు, అంతే. రాడ్ మాత్రం మామూలు మెత్తటి ఇనుముది పనికిరాదు, మరలు నమిలేసినట్టు అయిపోతాయి. 8.8 గ్రేడు లేదా అంతకంటే పై గ్రేడు అడగండి, బుష్ మధ్య రంధ్రంలో పట్టగలిగినంత లావుది తీసుకోండి. గొట్టం ముక్కల్లో ఒకటి బుష్ బయటి కొలత కంటే కాస్త పెద్దది, అంటే పాత బుష్ దాని లోపలికి వచ్చి పడేలా. రెండోది బుష్ బయటి గొట్టం అంచు మీద సరిగ్గా కూర్చునేది, యాక్సిల్ రంధ్రంలో తగలనంత సన్నది. పాత బుష్ కొలతలు తీసుకుని లేత్ షాపులో చెబితే ఈ రెండు కప్పులూ తిప్పి ఇస్తారు. నట్టుకీ వాషర్‌కీ మధ్య ఒక చిన్న థ్రస్ట్ బేరింగ్ (నొక్కుడులో కూడా తేలిగ్గా తిరిగేది) పెట్టుకుంటే బిగించేటప్పుడు చేతికి ఎంత హాయిగా ఉంటుందో మీరే చూస్తారు. మరలకి గ్రీజు ధారాళంగా రాయండి.

బండి ఎత్తడం

బండి ఇంకా నేల మీద ఉండగానే ఒక కొలత తీసుకోండి. వెనక చక్రం మధ్య నుంచి పైన ఫెండర్ అంచు దాకా ఎన్ని మిల్లీమీటర్లో, రెండు పక్కలా రాసుకోండి. తర్వాత పనికొస్తుంది.

ఈ బండికి హ్యాండ్‌బ్రేక్ వెనక చక్రాలకే పని చేస్తుంది కాబట్టి వెనక ఎత్తేశాక దాని వల్ల ప్రయోజనం లేదు. ముందు చక్రాలకి రెండు వైపులా గట్టి అడ్డుచెక్కలు పెట్టి, మొదటి గేర్‌లో వేసి, హ్యాండ్‌బ్రేక్ దించేయండి. దించితేనే కేబుళ్లు వదులై పక్కకి జరుగుతాయి. గట్టి చదునైన నేల కావాలి, మట్టి నేల మీద, వాలు మీద వద్దు. చక్రాల నట్లు నేల మీదే కొంచెం సడలించి, వెనక ఎత్తి, బండి తలుపుల కింది గుమ్మాల దగ్గరున్న జాకీ పాయింట్ల కింద స్టాండులు పెట్టండి. యాక్సిల్ బోల్టు ఆ పాయింట్‌కి దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి స్టాండు పానాకి అడ్డం రాకుండా ముందే చూసుకోండి. బీమ్ మధ్యలో జాకీ పెట్టడం, మీ మాన్యువల్ పెట్టొచ్చు అంటే తప్ప, వద్దు. విప్పిన చక్రాలు రెంటినీ గుమ్మాల కిందకి అడ్డంగా తోసి ఉంచండి. స్టాండు జారినా మనిషికి చోటు మిగులుతుంది. తర్వాత బండిని చేత్తో గట్టిగా ఊపి చూడండి. ఇప్పుడు కదిలితే సరిచేసుకోవచ్చు, కింద పడుకున్నాక కదిలితే చేయగలిగింది ఏమీ ఉండదు.

యాక్సిల్ ముందు భాగం దించడం

యాక్సిల్ మొత్తం ఊడదీయక్కర్లేదు, ముందు కొనలు బ్రాకెట్లలోంచి కిందకి వస్తే చాలు. దానికి అడ్డుపడేవి మూడు: బ్రేక్ హోసులు, హ్యాండ్‌బ్రేక్ కేబుళ్లు, ఏబీఎస్ ఉంటే దాని వైర్లు. యాక్సిల్‌కీ బాడీకీ వీటిని పట్టి ఉంచే క్లిప్పులు విప్పండి, విప్పేముందు ఫోన్‌లో ఫొటోలు తీసుకోండి. బ్రేక్ పైపు విప్పకుండా హోసు సరిపోతుందేమో ముందు చూడండి, విప్పితే ఆయిల్ కారుతుంది, మళ్లీ బ్లీడింగ్ చేయాలి, అంటే పైపుల్లో చేరిన గాలిని బయటికి పంపాలి. సరిపోకపోతే మాత్రం లాగి సాగదీయొద్దు, ఫ్లేర్ నట్ పానాతో (నట్టుని దాదాపు చుట్టూ పట్టేది) విప్పేయడమే మంచిది. మామూలు పానా అయితే ఆ చిన్న నట్టు అంచులు గుండ్రంగా అరిగిపోతాయి.

ఒక పక్క చేయి కింద, స్ప్రింగ్ కూర్చునే చోట జాకీ పెట్టి కొంచెం ఎత్తి, షాక్ అబ్జార్బర్ కింద బోల్టు తీయండి. రెండో పక్కా అంతే. ఇప్పుడు జాకీని నెమ్మదిగా దించండి. యాక్సిల్ కిందకి వస్తుంటే స్ప్రింగులు వదులవుతాయి. అవి చేతికి వదులుగా తగిలేదాకా వేలు పెట్టొద్దు. తీసిన స్ప్రింగులకి ఎడమ, కుడి గుర్తు పెట్టి, పైనా కిందా ఉండే రబ్బరు సీట్లు కూడా వరసగా పక్కన పెట్టండి.

ఇక పెద్ద బోల్టులు. యాక్సిల్‌ని జాకీ మీదా చెక్కదిమ్మల మీదా ఆనించి ఉంచి, రెంటినీ సడలించి తర్వాత బయటికి లాగండి. ఎక్కువసార్లు బోల్టు బుష్ లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుని ఉంటుంది. అప్పుడు నట్టు తిరిగినా బోల్టు రాదు. మళ్లీ స్ప్రే కొట్టి, కాసేపు ఆగి, బోల్టు తలని అటూ ఇటూ తిప్పుతూ ఉండండి. గ్యాస్ మంట పెట్టి వేడి చేద్దామన్న ఆలోచన మాత్రం రానీయకండి. పెట్రోల్ ట్యాంకు వెనక సీటు కింద, మీరు పడుకున్న చోటికి పక్కనే ఉంది. బాడీకి బోల్టులతో బిగించిన బ్రాకెట్లు ఉన్న బండి అయితే, బ్రాకెట్‌ని అలాగే వదిలేసి మధ్య బోల్టు మాత్రమే తీయండి. బ్రాకెట్ కదిలితే వెనక చక్రాల అలైన్‌మెంట్ మారిపోతుంది.

బోల్టులు వచ్చాక యాక్సిల్ ముందు కొనని కిందకి లాగి, బాడీకీ దానికీ మధ్య ఒక చెక్కదిమ్మ ఇరికించండి. పుల్లర్ పట్టేంత చోటు వస్తే చాలు.

పాత బుష్ తీయడం

తొందరపడి పుల్లర్ బిగించకండి. ముందు గుర్తులు. బుష్‌లోని ఖాళీలు ఏ దిక్కుకి ఉన్నాయో చూసి, వాటికి ఎదురుగా యాక్సిల్ చేయి మీద పెయింట్‌తో గీత పెట్టండి. బుష్‌కి ఒక కొనలో కాలర్‌లా ఉండే అంచు లోపలి వైపుకా బయటి వైపుకా, బుష్ ఎంత బయటికి పొడుచుకుని ఉంది, ఇవన్నీ కొలిచి రాసుకోండి, ఫొటో కూడా తీయండి. ఆ ఖాళీలు ఊరికే పెట్టినవి కావు. ఒక దిక్కున మెత్తగా సాగుతూ ఇంకో దిక్కున గట్టిగా నిలబడాలని అలా చేస్తారు. దిక్కు మారిస్తే కొత్త బుష్ వేసినా బండి వెనక భాగం తేలుతున్నట్టే ఉంటుంది, రబ్బరూ తొందరగా చిరుగుతుంది.

అంచు ఉన్న వైపుకే బుష్ బయటికి వస్తుంది, కాబట్టి పెద్ద కప్పు ఆ వైపు, చిన్న కప్పు ఎదుటి వైపు. రాడ్ దూర్చి నట్లు బిగించుకుంటూ పోతే ఒక దశలో టప్ మని గట్టి శబ్దంతో తుప్పు పట్టు వదులుతుంది. అది మామూలే. రాడ్‌కి ఎదురుగా మొహం పెట్టి మాత్రం కూర్చోకండి.

కదలనే కదలకపోతే ఇంకో దారి ఉంది. రబ్బరుని డ్రిల్‌తో చుట్టూ తొలిచి మధ్య గొట్టం తీసేయండి. హాక్సా బ్లేడుని రంధ్రంలోంచి దూర్చి ఫ్రేమ్‌కి తగిలించి, బయటి గొట్టాన్ని లోపలి నుంచి నిలువుగా కోయండి. గొట్టం పల్చగా ఉంటుంది, కోత దాన్ని దాటి యాక్సిల్‌లోకి దిగకూడదు, అందుకని మధ్యమధ్యలో ఆపి టార్చ్ వేసి చూస్తూ ఉండండి. కోత పడ్డాక ఉలితో అంచు లోపలికి మడిస్తే పట్టు వదిలేసి వచ్చేస్తుంది. గంటలు పట్టే పని కావచ్చు, అయినా సుత్తితో యాక్సిల్‌ని బాదడం కంటే ఇదే మేలు.

ఇదీ కుదరకపోతే బ్రేకులు విప్పి యాక్సిల్ మొత్తం దించి, హైడ్రాలిక్ ప్రెస్ ఉన్న షాపుకి ఆటోలో తీసుకెళ్లి కొట్టించుకు రండి. మిగతా పనంతా మీరే చేసుకుంటున్నారు కదా, ఈ ఒక్కదానికి షాపుకి వెళ్లడం చిన్నతనం కాదు. వెళ్లినప్పుడు ఖాళీల దిక్కు మాత్రం మీరే పక్కన నిలబడి చూపించండి.

కొత్త బుష్ ఎక్కించడం

రంధ్రం లోపల తుప్పంతా వైర్ బ్రష్‌తో గోకి, ఎమ్రీ పేపర్‌తో నున్నగా చేయండి. లోహం అరగదీయొద్దు, తుప్పు వరకే. కొత్త బుష్‌ని ముందురోజు రాత్రి డీప్ ఫ్రీజర్‌లో పెట్టడం మంచి అలవాటు. 60 మి.మీ. ఇనుప గొట్టం 35 డిగ్రీల నుంచి మైనస్ 18కి చల్లబడితే కుదించుకునేది 0.04 మి.మీ. లోపే, అయినా మొదట్లో నిటారుగా దిగడానికి ఆ కాస్తా సాయపడుతుంది.

బయటి గొట్టానికి పల్చగా సబ్బు నీళ్లు రాయండి. ఇంజిన్ ఆయిల్, మామూలు గ్రీజు రబ్బరుకి తగలనివ్వకండి, సహజ రబ్బరు వాటికి ఉబ్బి మెత్తబడుతుంది. గుర్తుకి గుర్తు కలిపి, చిన్న కప్పు బయటి గొట్టం అంచు మీదే కూర్చునేలా పెట్టి నెమ్మదిగా బిగించండి. మధ్య గొట్టం మీద గానీ రబ్బరు మీద గానీ బలం పడితే లోపలి అతుకు అక్కడికక్కడే ఊడిపోతుంది. మొదటి నాలుగైదు మిల్లీమీటర్లే ముఖ్యం. వంకరగా దిగుతోందనిపిస్తే ఆపి, వెనక్కి తీసి మళ్లీ మొదలుపెట్టండి, వంకరగానే లాగేస్తే గొట్టం నలుగుతుంది. సుత్తితో కొట్టి దింపడం అసలే వద్దు. కొలిచి రాసుకున్నంత లోతు వచ్చేవరకు దింపి, గుర్తులు కలిశాయో లేదో చూసి రెండో పక్కకి వెళ్లండి.

తిరిగి బిగించడం

యాక్సిల్ ముందు కొనలు బ్రాకెట్లలోకి ఎత్తి, బోల్టులకి పల్చగా తుప్పు పట్టనివ్వని గ్రీజు రాసి దూర్చండి. మరల మీద మాత్రం రాయకండి, రాస్తే టార్క్ లెక్క తప్పుతుంది. నట్లు చేత్తో తిరిగినంత వరకే, పైన పానాతో ఊరికే ఆనేంత వరకు. స్ప్రింగులు వాటి సీట్లలో పెట్టండి, స్ప్రింగు కొన సీటులోని మెట్టుకి సరిగ్గా ఆనాలి. జాకీతో యాక్సిల్ ఎత్తి షాక్ కింద బోల్టులు దూర్చండి, వాటిలోనూ రబ్బరు బుష్ ఉంది కాబట్టి వాటినీ ఇప్పుడే బిగించొద్దు. హోసులు, కేబుళ్లు, వైర్లు ఫొటో చూసి పాత దారిలోనే పెట్టి క్లిప్పులు వేయండి. బ్రేక్ పైపు విప్పి ఉంటే ఇప్పుడే బ్లీడింగ్ చేసేయండి.

చక్రాలు ఎక్కించి, ఒక్కో పక్క జాకీతో ఎత్తి టైరు కింద వెడల్పాటి మందపాటి పలకలు వేసి దించండి. బండి బరువంతా నాలుగు చక్రాల మీద ఉండాలి, గుమ్మం కింద స్టాండులు ఆనకుండా వేలెడు ఎడంతో కాపలాగా ఉండాలి. వాటర్ సర్వీసింగ్ ర్యాంపు మీదకి తీసుకెళ్లి బిగించుకుందామని వదులు బోల్టులతో రోడ్డెక్కకండి, వంద గజాలైనా సరే. వెనక బంపర్ మీద చేతులు వేసి నాలుగైదు సార్లు గట్టిగా నొక్కి వదలండి, యాక్సిల్ తన చోట కుదురుకుంటుంది. మొదట్లో రాసుకున్న కొలతతో పోల్చుకోండి, రెండు పక్కలా దగ్గరగా రావాలి.

ఇప్పుడు చక్రం ముందు పక్కనుంచి చేయి పెట్టి, మీ మోడల్ సర్వీస్ మాన్యువల్‌లో ఉన్న టార్క్‌కి యాక్సిల్ బోల్టులు, షాక్ బోల్టులు బిగించండి. బాడీ వైపు నట్టు వెల్డింగ్ చేసి ఉంటే బోల్టు తలనే తిప్పాలి. పలకల మీద చోటు చాలక, యాక్సిల్ కింద జాకీతో ఆ కొలత వచ్చేదాకా ఎత్తి బిగిస్తారు కొందరు. అదీ పనికొస్తుంది గానీ, స్ప్రింగు నొక్కుకునేలోపే బాడీ స్టాండు మీంచి లేస్తుందేమో కళ్లు అటే పెట్టి చూడాలి. లేస్తుంటే అక్కడితో ఆపి పలకల దారికే రండి.

పలకలు తీసి నేల మీదకి దించి చక్రాల నట్లు టార్క్ రెంచితో బిగించండి. కదిలించే ముందు బ్రేక్ పెడల్ గట్టిగా ఉందా, హ్యాండ్‌బ్రేక్ పట్టుకుంటోందా, ఏబీఎస్ లైటు ఆరిందా చూడండి. మొదట వీధిలోనే నెమ్మదిగా తిప్పి, ఒక స్పీడ్ బ్రేకర్ దాటించి, రివర్స్‌లో బ్రేక్ వేసి వినండి. వంద కిలోమీటర్లు తిరిగాక బోల్టుల మీద మళ్లీ ఒకసారి టార్క్ రెంచి పెట్టండి, అప్పుడు కూడా చక్రాలు నేల మీద ఉండగానే. తర్వాత నాలుగు చక్రాలూ కొలిచే అలైన్‌మెంట్ సెంటర్‌కి వెళ్లండి. ఈ యాక్సిల్‌లో వెనక చక్రాల కోణాలు సరిచేసే ఏర్పాటు లేదు, కానీ కాగితం మీద వచ్చే వెనక అంకెలు ఎడమ కుడి బాగా తేడాగా ఉంటే బుష్ లోతులో గానీ యాక్సిల్‌లో గానీ వంకర ఉన్నట్టు, అప్పుడు మీ గుర్తులూ కొలతలూ మళ్లీ తీసి చూసుకోవాలి.